పద్నాలుగు చుట్లు

లారీ స్పేర్ పార్టుల దుకాణంలో కొత్తగా చేరిన ఒకమ్మాయి మొన్న ఫోన్ చేసి, కస్టమర్ తప్పు పేరు చెప్తే తప్పుగానే రాయాలా, సరిచేసి రాయాలా అని అడిగింది. వనపర్తిలో ఆమె ఇప్పుడు కూర్చుంటున్న స్టూలు మీద నేను మూడేళ్లు కూర్చున్నాను. పాప కడుపులో ఉండగా ఆరో నెలలో దాని మీద నుంచి లేచాను, మళ్లీ వెళ్లలేదు. మూడేళ్ల కొలువుకు పదవీ విరమణ అనే మాట మరీ పెద్దది. కానీ తల్లినయ్యాక ఆ దుకాణం, దాని నూనె వాసన, ఎవరో చెప్పగా విన్న ఊరిలా దూరంగా కనిపిస్తుంది.

ఆమెకు ఫోన్‌లో జవాబు చెప్పలేకపోయాను. పాప ఇప్పుడే నిద్రపోయింది, అందుకని రాస్తున్నాను. డిగ్రీ చేతపట్టుకుని ఇలాంటి కౌంటర్ల వెనక నిలబడే ఆడపిల్లలు ఎవరైనా చదవవచ్చు. నేను చెప్పబోయేది దుకాణంలో జరిగింది కాదు, గద్వాల అవతల గట్టు అనే ఊరి దగ్గర మా అత్తగారి ఊళ్లో, మా ఇంటి ముందు జరిగింది. ఆ ఊళ్లో ఎవరూ తప్పుపట్టని మా అత్త లెక్కను నేను ఒక్క అంకె మేర సరిచేశాను.

ముందు దుకాణం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ సరిచేసే జబ్బు నాకు అక్కడే అంటుకుంది. మా దగ్గరికి వచ్చేవాళ్లు పార్టుల పేర్లను తమకు తోచినట్టు పిలిచేవాళ్లు. ఒకాయన కింగు పెన్ను కావాలనేవాడు, నేను కింగ్ పిన్ అని రాసేదాన్ని. ఇంకొకాయన తన మోకాలు తట్టి చూపిస్తూ బండికి ఇది పోయిందమ్మా అన్నాడు. అది చక్రాన్ని తిప్పే కీలు, స్టీరింగ్ నకిల్ అని తెలిసి రాసేసరికి నాకు పరీక్ష పాసైనంత సంబరం. మా సేఠు నా పక్కన నిలబడి, "నోటితోని చెప్పింది రాయకు బిడ్డా, సామాను చూసి రాయి" అనేవాడు. ఆయన మాటలో చివరి సగం నేను నెమ్మదిగా మరిచిపోయాను. మొదటి సగం మాత్రం ఒంటపట్టింది.

ఆ సేఠే ఒక మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు నన్ను కళ్లు మూసుకోమని, రెండు టై రాడ్ ఎండ్లు చేతిలో పెట్టాడు. వాటి చుట్టూ స్క్రూలా తిరిగే మరల మీద వేలు జరిపి ఏది ఎడమ మరో, ఏది కుడి మరో చెప్పమన్నాడు. బయట ఎండలో లారీలు పోతున్నాయి. కళ్లు మూసుకుంటే ఒక ఇనుము ఇటు వాలుతోంది, ఇంకొకటి అటు వాలుతోంది, రెండు వాగులు రెండు దిక్కులకు పారుతున్నట్టు. ఇప్పటికీ పాప వీపు మీద చేయి వేసి నిద్రపుచ్చుతుంటే ఆ రెండు వాలులూ నా వేళ్లకు తగులుతుంటాయి.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. లారీ ముందు చక్రాలు రెండింటినీ కలుపుతూ ఇరుసు వెనక ఒక ఇనుప గొట్టం ఉంటుంది. దాని రెండు కొసల్లో రెండు కీళ్లు, అవే టై రాడ్ ఎండ్లు. మన భుజాల కీళ్లలాగే అవీ అరుగుతాయి. అవి గొట్టంలోకి ఎన్ని చుట్లు ఎక్కాయన్నదాన్ని బట్టి చక్రాలు ఎటు చూస్తాయన్నది ఉంటుంది. అందుకే పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడివచ్చిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కిస్తారు. అది పక్కా లెక్క కాదు. చక్రాల చూపును యంత్రంతో సరిచేసే అలైన్‌మెంట్ చోటిదాకా బండిని తీసుకుపోయేంత దగ్గరి లెక్క.

మా ఆయనకు పాత డీసీఎం వ్యాను ఒకటి ఉంది. గద్వాలలో శామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే వాళ్లకు సామాను తోలుతాడు. పాపకు ఏడో నెల వచ్చేనాటికి బండి స్టీరింగ్ వదులైపోయింది. పావు చుట్టు తిప్పినా చక్రాలకు ఆ సంగతి తెలియడం లేదు. చక్రాన్ని పట్టుకుని ఊపితే లోపల టక్కు టక్కుమని చప్పుడు, ఆ కీళ్లు రెండూ అరిగిపోయాయి. సోమవారం అమ్రాబాద్‌లో ఒక పెళ్లికి సామాను ఎక్కించుకుని, నలుగురు పనివాళ్లను వెంటబెట్టుకుని అడవిలో ఘాటు రోడ్డు ఎక్కాలి. నేను ఆ ఘాటును ఒక్కసారే చూశాను. అప్పటి నుంచి పాపకు పాలిస్తూ కళ్లు మూసుకున్నప్పుడల్లా ఆ మలుపులే వచ్చేవి, అడవి మాత్రం వచ్చేది కాదు.

గద్వాల మేస్త్రి కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నాడు. మా ఆయన పెళ్లికి ముందు ఆరేళ్లు లారీల మీద క్లీనర్‌గా తిరిగినవాడు, ఇంటి ముందు తానే మార్చుకుంటానన్నాడు. నేను మా పాత సేఠుకు ఫోన్ చేసి, ఒకటి ఎడమ మర, ఒకటి కుడి మర అని రెండుసార్లు చెప్పి, కొత్త కీళ్లు బస్సులో తెప్పించాను. వచ్చాక కళ్లు మూసుకుని వేలితో చూసుకున్నాను.

శనివారం పొద్దెక్కాక పని మొదలైంది. జాకీ ఎత్తాక ఇరుసు కింద దుంగలు పెట్టమన్నాను. పెట్టాడు. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం వేయమన్నాను. వేశాడు. ఇంకోసారి చూడమన్నప్పుడు మాత్రం బండి కింద నుంచి తల బయటపెట్టి, "ఓ కౌంటరమ్మా, కిందికి నేను పోవాల్నా, నువ్వు పోతవా" అన్నాడు. ఆ పేరు పెళ్లయిన వారం నుంచీ ఉన్నదే.

లెక్క పెట్టే పని మా అత్తకు అప్పగించాడు. పానా పట్టుకుంటే తనకు అంకెలు నిలవవన్నాడు. అది సరైన నిర్ణయమే. మా అత్త ఆ ఊళ్లో కుప్పల దగ్గర గింజలు కొలిచే మనిషి. కుంచం నింపి, అరచేత్తో అంచు మీద ఒక్కసారి తుడిచి, పక్కకు పోస్తుంది. ఎన్ని తూకం యంత్రాలు వచ్చినా, కూలికి గింజలు పంచేటప్పుడు రైతూ ఆమెనే పిలుస్తాడు, కూలివాళ్లూ ఆమె వస్తేనే సంచి విప్పుతారు. ఆమె నోటి నుంచి అంకె వచ్చాక రెండోసారి కొలవమని అడిగినవాళ్లు లేరు.

ఆమె ఎడమ చక్రం పక్కన పీట వేసుకుని కూర్చుంది. నేను పాపను ఒళ్లో వేసుకుని గడపకు ఆనుకున్నాను. ఆ రోజుల్లో నాకు మెలకువకూ నిద్రకూ మధ్య గోడ ఉండేది కాదు. ఎండ తెల్లగా, పల్చగా, పాలలా కనిపించేది. పానా చప్పుడు, పాప గుటకల చప్పుడు ఒకటే అయిపోయాయి. "లాభం" అన్న మాట నా చెవిలో పడింది. ఆ తర్వాత మా అత్త గొంతు ఎవరో చాలా దూరంలో జోల పాడుతున్నట్టు సాగింది. అందులో అంకెలు ఉన్నాయో లేవో నాకు తెలియదు. కళ్లు తెరిచేసరికి పాత కీలు మా ఆయన చేతిలో ఉంది.

ఎన్ని చుట్లని అడిగాను. "పద్నాలుగు, రాస్కో" అంది మా అత్త.

గింజలు కొలిచేవాళ్లు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. అది మీకూ తెలిసే ఉంటుంది. మా పుట్టిల్లు నాగర్‌కర్నూల్ దగ్గర. అక్కడ మా ఇంట్లో లాభం అని పోసిన మొదటి కొలత దేవుడిది, దాన్ని విడిగా తీసిపెడతారు. ఆ తర్వాతి కొలత నుంచే ఒకటి, రెండు అని లెక్క మొదలవుతుంది. నేను విన్నది లాభం. ఆమె చెప్పింది పద్నాలుగు. అంటే లాభం కలిపి పదిహేను చుట్లు. పాపకు టీకాలు వేయించిన తేదీలు రాసుకునే నోట్‌బుక్కులో ఎడమ పదిహేను అని రాశాను. గింజల లెక్కకూ మరల లెక్కకూ తేడా ఆమెకేం తెలుసులే అనుకున్నాను. కింగు పెన్నును కింగ్ పిన్‌గా మార్చినప్పటి సంబరమే మళ్లీ కలిగింది. మూడడుగుల దూరంలో ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు.

కుడివైపు నేనే లెక్కపెట్టాను, ఒకటి నుంచి పన్నెండు దాకా. కొత్తవి ఎక్కించే వేళకు మా అత్త మేకలకు ఆకు తేవడానికి పోయింది. నేను నోట్‌బుక్ చూసి చెప్పాను, మా ఆయన తిప్పాడు. నట్లు బిగించి, అవి ఊడకుండా పిన్నులు దూర్చి వంచాడు. చక్రం ఊపి చూస్తే చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం ఎంత హాయిగా ఉందో చెప్పలేను. సాయంత్రం ఊరి చుట్టూ ఒకసారి తిప్పి తెచ్చి, బండి జర అటూ ఇటూ పోతోంది గానీ కొత్త కీళ్లు కదా, సర్దుకుంటాయన్నాడు. ఆదివారం అలైన్‌మెంట్ చేసేవాళ్లు ఉండరు, అమ్రాబాద్ పోయి వచ్చాక చేయిస్తానన్నాడు. నేనూ సరేనన్నాను.

సోమవారం తెల్లవారగానే సామాను ఎక్కించుకోవడానికి బండి గద్వాల వెళ్లిపోయింది. నేను పాపను భుజాన వేసుకుని వాకిట్లో తిరుగుతున్నాను. మా అత్త పిండి గిర్నీకి పంపడానికి జొన్నలు కొలుస్తోంది. లాభం, రెండు, మూడు, నాలుగు. ఆ లెక్క పెళ్లయినప్పటి నుంచీ ఆ ఇంట్లో వింటూనే ఉన్నాను, వాన చప్పుడు విన్నట్టు. ఆ పొద్దు మాత్రం లాభం తర్వాత రెండు వచ్చిందన్న సంగతి నా లోపలికి దిగింది. ఎన్ని పోశావత్తా అని అడిగాను. "ఆరు" అంది. నేను కళ్లతో లెక్కపెట్టినవీ ఆరే. ఆ ఇంట్లో లాభం అంటే ఒకటి. పద్నాలుగు అంటే పద్నాలుగే.

మా ఆయనకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. నాలుగోసారి మోగుతుండగా రోడ్డు మీద ఆటో కనిపించింది. మా అత్తతో బండి కాగితాలు మరిచిపోయాడని అబద్ధం చెప్పి, పాపతోనే ఎక్కేశాను.

గద్వాల దాకా ఆ దారి ఇప్పటికీ నాకు కలగానే గుర్తుంది. ఎర్ర చేలు, వాటిలో అక్కడక్కడ నల్లటి గుండ్లు, వాటి మీద పల్చటి ఎండ. ఎదురుగా వచ్చే ప్రతి లారీ ముందు చక్రాలూ నా వైపు చూస్తున్నట్టు, కొన్ని సూటిగా, కొన్ని పక్కకు. పాప నా వేలు పట్టుకుని నిద్రపోయింది. చక్రాలు రెండూ ఒకదానికొకటి ఎడంగా చూస్తూ ఘాటు మలుపు ఎక్కుతున్నాయని ఊహించుకున్నాను. ఆ ఊహలో చప్పుడు లేదు, బండి గాలిపటంలా మెల్లగా దారి వదిలి పోతోంది. ఆటో అతను ఏదో అడిగాడు. నేను ఏం జవాబిచ్చానో తెలియదు.

గోడౌన్ ముందు బండి ఉంది. కుర్చీలు సగం ఎక్కాయి. నన్ను చూడగానే మా ఆయన ఎదురొచ్చి, పాపకు జ్వరమా అన్నాడు. కాదు, రాసిన లెక్కలో తేడా ఉంది, చక్రాలు కొలవాలి అన్నాను. నలుగురు పనివాళ్లూ చేతుల్లో కుర్చీలు పట్టుకుని నిలబడిపోయారు. వాళ్లలో పెద్దాయన, శ్రీరంగాపూర్ వైపు మనిషి, "కొలిచి చూస్తే అరిగిపోయేదేముంది తమ్మీ, చెల్లె గింత దూరం వచ్చె" అని కుర్చీ దించాడు.

శామియానా తాడు ఒకటి తెచ్చారు. టైర్ల మీద సుద్దతో గుర్తులు పెట్టి, రెండు టైర్ల మధ్య దూరం ముందువైపు కొలిచి, బండిని కొంచెం జరిపి అవే గుర్తుల్ని వెనకవైపు కొలిచారు. వెనక కంటే ముందు ఒక బియ్యపు గింజ మందం తక్కువ ఉండాలి. కానీ వేలి వెడల్పులో సగం ఎక్కువ వచ్చింది. ఒక చుట్టు ఎక్కువ తిప్పడంతో గొట్టం పొట్టిదై, చక్రాలు బయటివైపుకు తిరిగిపోయాయి. ఆ బండితో ఘాటు మలుపుల్లో స్టీరింగ్ ఒక చోట నిలవదు.

మా ఆయన తాడును చేతికి చుట్టుకున్నాడు. "అమ్మ లెక్క తప్పింది. వయసైపోయె గద" అన్నాడు.

నేను నోరు తెరవాల్సిన సమయం అదే. తెరవలేదు. అలసట అనుకోండి, పాప అప్పుడే లేచి ఏడ్చింది అనుకోండి, నలుగురు మగవాళ్ల ముందు చదువుకున్నదాని తప్పు బయటపడుతుందన్న సిగ్గు అనుకోండి. మూడూ నిజమే. గోడౌన్ తలుపు వెనక్కి పోయి పాపకు పాలిచ్చాను. నలుగురూ కోతలప్పుడు మా ఊరికి కూలికి వచ్చేవాళ్లే, బయట కుప్పల దగ్గర మా అత్త కొలిచిన లెక్కల గురించి మాట్లాడుకుంటున్నారు. ఒకతను, పోయిన ఏడాది తన వాటా గింజలు తక్కువ వచ్చినట్టు అప్పుడే అనుమానం వచ్చిందన్నాడు. అది కూడా విన్నాను.

సరిచేయడం ఎంతోసేపు పట్టలేదు. రెండు కొసల్లోనూ బిగింపులు వదులు చేసి, గొట్టాన్ని అర చుట్టు వెనక్కి తిప్పమన్నాను. ఒకవైపు ఎడమ మర, ఒకవైపు కుడి మర ఉండేది అందుకే. అర చుట్టు తిప్పితే రెండు వైపులా సగం సగం సాగి, పోయిన ఒక చుట్టు తిరిగి వస్తుంది. బిగించి మళ్లీ కొలిస్తే తాడు సరిపోయింది. వనపర్తిలో అలైన్‌మెంట్ చేయించుకున్నాకే ముందుకు పోతానని మా ఆయన చేత పాప మీద ఒట్టు వేయించుకున్నాను. కౌంటరమ్మ మమ్మల్ని బతికించింది అని ఆయన నలుగురితో గొప్పగా చెప్పాడు. నవ్వాననుకుంటాను.

మధ్యాహ్నం ఇల్లు చేరేసరికి జొన్నల సంచి వాకిట్లోనే ఉంది. మా అత్త గడప మీద కూర్చుని, ఊడదీసిన పాత కీలును చీర కొంగుతో తుడుస్తూ, దాని మరల మీద గోరు పెట్టి లెక్కపెడుతోంది. కొడుకు ఫోన్ చేసి, నీ లెక్కతో మమ్మల్ని అడవిపాలు చేసేదానివి అని నవ్వాడట. ఆయన నవ్వుతూనే అన్నాడు.

"పద్నాలుగే గద బిడ్డ నేను చెప్పింది?" అని అడిగింది నన్ను. "నాకు మతి తప్పుతుందేమో. ఇగ కుప్పల కాడికి పోను. ఒకని గింజలు ఇంకొకనికి పోతే ఎట్ల?"

అప్పుడు చెప్పాను. లాభం అని విన్నది, మధ్యలో కునుకు పట్టింది, మా పుట్టింటి లెక్క, పదిహేను అని రాసింది, గోడౌన్ దగ్గర నోరు మూసుకుంది, ఇంత కూడా దాచకుండా చెప్పాను. కాగితాలు మరిచిపోయాడన్న అబద్ధం కూడా చెప్పాను, దాని అవసరం లేకపోయినా.

ఆమె పాపను నా దగ్గర నుంచి తీసుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పాప ఆమె మెడలో పూసలు పట్టుకుని లాగుతోంది. ఎండ వాకిలి దాటి గోడ దాకా జరిగింది. నన్ను తిడితే బాగుండుననిపించింది.

"మీ తాన దేవునికి వేరే కుంచం తీస్తరా?" అంది చివరికి. తీస్తారన్నాను. "మా తాన తీయరు. మా దేవుడు అందరితోనే తింటడు. గీ ముచ్చట నన్ను అడిగితే చెప్పకపోదునా?"

చెప్పేదానివే అన్నాను.

"అయితే ఫోన్ చెయ్. ఎవరి ముందల నా లెక్క తప్పిందన్నరో, వాండ్ల ముందల్నే చెప్పు."

చేశాను. ఈసారి మొదటి మోతకే ఎత్తాడు. వనపర్తిలో బండి అలైన్‌మెంట్‌కు పెట్టి, అందరూ చాయ్ తాగుతున్నారట. ఫోన్ అందరికీ వినపడేటట్టు పెట్టమన్నాను. ఎందుకన్నాడు. పెట్టమన్నాను. గ్లాసుల చప్పుడు, ఎవరో దగ్గిన చప్పుడు వినిపించాయి.

"అత్త పద్నాలుగు అని సరిగ్గానే చెప్పింది. నేను పదిహేను అని రాసిన. తప్పు నాది. పొద్దున చెప్పకపోవుడు గూడ నా తప్పే."

పొద్దున తన వాటా మీద అనుమానం చెప్పినతను గొంతు సవరించుకుని, నేను ఊరికే అన్నలే అని గొణిగాడు. ఆ తర్వాత శ్రీరంగాపూర్ పెద్దాయన ఫోన్ దగ్గరికి వచ్చాడు.

"అక్కా, ఉన్నవా? వచ్చే నెల మా పల్లికాయ కుప్ప ఉంది. కొలవనీకి నువ్వే రావాలె."

మా అత్త నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"వస్త తమ్మీ. లెక్క రాయనీకి మా కోడలిని గూడ తోల్కొస్త. అడిగి రాస్తదిలే."